నడుము దగ్గర అంగుళమున్నర

బ్లాక్‌పూల్‌లో మార్చి నెల గాలికి మర్యాద తెలీదు.
పియర్ చివర, మూతపడ్డ ఐస్‌క్రీమ్ కొట్లో
మా బట్టల గది.
ఇస్త్రీ పెట్టె ఒకటి, అద్దాలు రెండు,
అందులో ఒకటి పగిలింది.

థెల్మా ఆష్‌వర్త్‌కి అరవై ఒకటి.
వేషమేమో పడవవాడి కూతురు, ఇరవై రెండేళ్లది.
ఆరేసిన వలల మధ్య పరిగెడుతూ
మొదటి ముద్దు గురించి పాడాలి.
యుద్ధం అయిన ఏడాది నలుపు తెలుపుల్లో వచ్చిన కథ
ఎనభై అయిదులో మళ్లీ తీస్తున్నారు, రంగుల్లో.
డబ్బు పెట్టినాయన షరతు ఒక్కటే,
పోస్టరు మీద ఆమె పేరుండాలి.
పేరుకి వయసుండదు కదా, అన్నాడు.
పేరుకి మోకాళ్లు కూడా ఉండవు.

నా పని నడుము.
గళ్ల గౌను అంగుళమున్నర వదులు చేశాను,
మెడ పైకి లాగాను, చేతులు మణికట్టు దాకా దించాను.
ఎండాకాలం పాటలో
ఏ పడవవాడి కూతురూ అంత నిండుగా కప్పుకోదు.
ఆమె అద్దంలోంచి నన్ను చూసి,
"నిజం చెప్పు హైమా, బాగున్నానా?"
నా నోటి నిండా గుండుసూదులు.
ఇన్నేళ్ల కుట్టుపనిలో నేర్చుకున్న లౌక్యం అదొక్కటే,
ప్రశ్న వచ్చే వేళకి నోట్లో సూదులుండాలి.

మా మేనత్త నాటకాల కంపెనీలో
యాభై అయిదో ఏట పెళ్లికూతురి వేషం కట్టింది.
మొహానికి అర్దళం, పెట్రోమాక్స్ వెలుగు,
మధ్యలో ముప్పై గజాల చీకటి.
వెనక వేరుశనక్కాయలు ఒలుచుకునేవాళ్లు
పిల్ల లక్షణంగా ఉందని ఒప్పేసుకున్నారు.
దూరం దయగలది.
ఇక్కడ కెమెరా ఆమె చెంపకి మూరెడు దూరంలో నిలబడి
పెళ్లిచూపులకొచ్చిన ఆడపడుచులా
పళ్లు లెక్కపెడుతోంది.

పాట రెండు మెట్లు దించారు. తర్వాత ఇంకొకటి.
వయొలిన్లు అయిష్టంగా కిందికి దిగాయి.
వలల మధ్య పరుగు పద్నాలుగు సార్లు తీశారు,
తొమ్మిదోసారికి గౌను కింద మోకాటికి గుడ్డ చుట్టాను.
తల్లి వేషం జూన్ ఎంట్విసిల్‌ది, యాభై మూడేళ్లు.
"నా చిట్టితల్లీ" అంటూ ఆవిడ ఈవిడ గడ్డం పట్టుకుంటే
లైట్ల కుర్రాడొకడు నవ్వాడు.
దర్శకుడు దగ్గాడు.
నవ్వు మీద దగ్గు కప్పడం
ఈ దేశంలో బడిలోనే నేర్పుతారు కాబోలు.

సాయంత్రం కొక్కేలు విప్పుతుంటే చెప్పింది,
పాత సినిమాలోనూ తనుందట.
ఎక్కడ? నాలుగుసార్లు చూశాను నేను.
"తల్లి," అంది.
అప్పటికి ఇరవై రెండు.
గొంతు బరువన్నారు,
జుట్టుకి పిండి పులిమారు, కళ్ల కింద మసి.
కూతురు వేసినావిడ తనకంటే నాలుగేళ్లు పెద్దది,
రోజూ తన ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చేది.
"అప్పుడు రావాల్సిన గౌను ఇప్పుడొచ్చింది.
పోస్టు ఆలస్యం."
నవ్వింది.
నోట్లో సూదులు లేకపోయినా
నాకు మాట రాలేదు.

గళ్ల గౌను వదిలేసి, పాత ఉన్నికోటు తొడుక్కుని,
టీ చల్లారేదాకా
తల్లి పాట సన్నగా అందుకుంది.
ఎవరూ దించక్కర్లేని శ్రుతి.
మాగి మాగి, ముప్పై తొమ్మిదేళ్లకి
ఆ గొంతు ఆ పాటకి సరిపోయింది.
రీళ్లు అప్పటికే డబ్బాల్లో పెట్టి తాళం వేసేశారు.
రేకు కప్పు మీద వాన తాళం తప్పుతూనే ఉంది.

సినిమా రెండు వారాలాడింది.
పేపర్లు ఆవిడ మోకాళ్ల గురించి రాశాయి.
నన్నెవరూ అడగలేదు.
అడిగితే, తప్పు వేషమే అంటాను.
ఏది మొదటి తప్పంటే మాత్రం
మళ్లీ సూదులు వెతుక్కుంటాను.

గౌను ఇప్పుడు ప్రెస్టన్ దగ్గర గోడౌన్లో వేలాడుతోంది.
చీటీ మీద నా చేతిరాతే:
పడవవాడి కూతురు, ఇరవై రెండు.
నడుము ముప్పై నాలుగు.
తిరగేసి చూస్తే
విప్పిన కుట్ల చిల్లులు
వరసగా, చీమల్లా.