తక్కువ వెలుతురు

ముప్పై ఒక్క ఏండ్లు స్తంభాలెక్కిన.
ఫీజు పోయిందంటే అర్ధరాత్రి లేచి ఉరికిన.
బల్బు గుడ్డిగ వెలిగిందంటే
కొత్తవాడ మొత్తం నన్నే పట్టుకునేది:
"ఓదెలూ, గిది కరెంటా, మిణుగురు పురుగా?"
చీకటైతే చాలు, గల్లీ గల్లీకి ఒకటే ప్రశ్న,
ఎప్పుడొస్తది, ఎప్పుడొస్తది?

ఇప్పుడు రిటైరై
రేకుల షెడ్డు కింద దీపాలు చేస్తున్న.
హన్మకొండ నుంచి స్కూటీ మీద వచ్చిన పిల్ల
ఒకదాన్ని అటు తిప్పి ఇటు తిప్పి అన్నది:
"మంచిగుంది గని అంకుల్,
ఇంకొంచెం తక్కువ వెలగాలె.
చదువుకోనీకి గాదు, ఊకె పెట్టుకోనీకి."

తక్కువ వెలిగితే పైసలెక్కువిస్తరని
అప్పుడే తెలిసుంటే
లో వోల్టేజీకి డబల్ బిల్లు రాసేటోళ్లం.

ఈ మొద్దు వేపది.
పోచమ్మమైదాన్ దిక్కు, రోడ్డు వెడల్పుకు పడగొట్టిండ్రు.
అంతకు ముందు ప్రతి ఎండకాలం
తీగెలకు తగులుతున్నయని
దాని కొమ్మలు కొట్టింది నేనే.
కొట్టిన కాడల్ల
చెట్టు గుండ్రంగ నోరు మూసుకున్నది.
రంద పట్టంగనే ముడులు ఎర్రగ బయటపడ్డయి.
ఒకటి, రెండు, ఏడు…
నా గొడ్డలి నాకే దొరికింది.
అక్కడ మాత్రం ఉప్పుకాయితం
మెల్లగ నడిపిన.

మెడకేమో పింగాణి.
సబ్‌స్టేషన్ వెనుక చెత్తల పడున్న ఇన్సులేటరు,
అంచు జరంత పలిగింది.
పదకొండు వేల వోల్టుల కింద ఉలకక పలకక నిలబడ్డది,
ఇప్పుడు నలభై వాట్ల గుండుబల్బును ఎత్తుకున్నది
మనుమరాలిని ఎత్తుకున్న పైల్వాన్ లెక్క.

చుట్టూ గుడ్డ ఎనుమాముల మార్కెట్ల గోనెసంచిది.
మూడు నీళ్లల్ల పిండిన, రెండెండల ఆరేసిన,
అయినా బల్బు వేడెక్కితే
మిర్చి ఘాటు మెల్లగ లేస్తది.
మొదటిది కొన్న డాక్టరమ్మ ఫోన్ చేసింది:
"మీ దీపం పెట్టినప్పటి సంది
ఇంట్ల అందరం తుమ్ముడే."
వాపసు తెచ్చుకున్న. నా మంచం పక్కనే ఉన్నది.
తుమ్ముకుంటనే పండుకుంట.

మొన్న ఆడెపు నర్సింగం వచ్చిండు.
జంపఖానాలు నేసినోడు.
మగ్గం పీకిండ్రు, గుంత పూడ్చి సిమెంటు పోసిండ్రు,
అండ్ల ఇప్పుడు కొడుకు బండి పెడుతున్నడట.
తువ్వాలల చుట్టుకొచ్చిండు ఒక నాడె.
"పొయ్యిల పెట్టబుద్ధి గాలె. నువ్వేమన్న జెయ్."

వేపమొద్దు మీద అడ్డంగ నిలిపిన.
కండె కూసునే గుంటల స్విచ్చు.
నూలు వచ్చే బెజ్జంల నుంచి వైరు.
నాడె పక్కకు ఒక పల్లం ఉండె, వంకరగ.
చూపుకు బాగలేదు, గీకి సాపు చేద్దామనుకున్న.
ఆ పూట ఉప్పుకాయితం అయిపోయింది.
రేపు రేపు అనుకుంట మరిచిన.

ఆయన వచ్చేసరికి పొద్దుగూకింది.
స్విచ్చేసిన.
గోనె సందుల నుంచి వెలుతురు
షెడ్డు గోడ మీద పడుగూ పేకా లెక్క పర్చుకున్నది.
"మంచిగున్నది" అన్నడు,
పక్కింటోళ్ల పిల్లను మెచ్చుకున్నట్టు.
కొంచెంసేపు చూసి,
"జర బంద్ చెయ్" అన్నడు.

చేసిన.
చీకట్ల ఆయన చెయ్యి
వేప మీదికెల్లి పింగాణి మీదికి,
పింగాణి మీదికెల్లి నాడె మీదికి పోయింది.
గరుకువేలు నున్నటి కట్టెను రాసుకునే సప్పుడు.
ఒక్కకాడ ఆగింది.

"ఆఁ… ఇగో.
బొటనేలు ఈడ పెడుతుంటి."

ఆ పల్లంల వేలు పెట్టుకొని
అట్లనే కూసున్నడు.
బయట ఎవరిదో ఆటో పోయింది.
స్విచ్చు మీద నా చెయ్యి ఉన్నది గని
వొత్తబుద్ధి కాలె.

ముప్పై ఒక్క ఏండ్ల నౌకరిల
చీకట్ల కూసున్న మనిషి
ఎప్పుడొస్తదని నన్ను అడగకుండ ఉన్నది
గా ఒక్క రాత్రే.