వెడల్పు

ఫారంలో నాలుగో గడి: వెడల్పు, మీటర్లలో.
టేపు పట్టుకుని ఒర్రెలో నిలబడ్డాను.
నీళ్లు లేవు. ఎర్ర ఇసుక మీద
ఏదో ఉల్లంకిపిట్ట నడిచిన గుర్తులు.

"ఏ నెలల?" అంది బుచ్చమ్మ.

నీరటోళ్ల కోడలు. తూము తలుపు ఎత్తిన చేతులు
ఇప్పుడు నర్సరీలో కవర్లకు మన్ను నింపుతున్నాయి.
"మిరుగం నాడు నా జానెడు.
పెద్దపూసలల్ల రెండు బర్లు పక్కపక్కన ఈదేంత.
బతుకమ్మ నాటికి మోకాలు మునిగేంత.
శివరాత్రికి చెలిమె తోడుకుంటే ఒక్క బిందె."
"అది లోతు గదమ్మా?"
"ఏదైతేంది, నీళ్లే గద."

నక్షాలో దీని పేరు నాలా. ఉర్దూ అక్షరాల పక్కన
సిరా పెచ్చులూడిన సన్నగీత.
ఆమె నోట్లో మాత్రం ఒక్కో చోట ఒక్కో పేరు:
గుండ్ల సందున ఊరేకాడ చెమ్మబండ,
సీతాఫలం పొదల్లో మాయమయ్యేకాడ దొంగొర్రె,
జొన్నచేల నడుమ నిమ్మళించినకాడ
పేరేం లేదు, ఉత్త ఒర్రె.

మొదలు చూద్దామని గుట్టకు పోయాం.
గుట్ట సగం లేదు, క్రషర్ నమిలింది.
లెక్క ప్రకారం ఒర్రె పుట్టిన చోటు
ఇప్పుడు మా తలల మీద, నలభై అడుగుల ఎత్తున
గాలిలో ఉంది.
అక్కడో గద్ద తిరుగుతోంది.
దాని వెనక శంషాబాద్‌లో దిగబోతూ విమానం.

రింగురోడ్డు కింద మూడు సిమెంటు గొట్టాలు.
ఒకదాంట్లో గొర్రెలు, ఒకదాంట్లో పేకాట,
మూడోదాంట్లో మన్ను.

అవతల వెంచర్. గేటు, ఫౌంటెను, తెల్ల హద్దురాళ్లు.
చదును చేసిన నేల, బిలియర్డ్స్ బల్లలాగా.
బుచ్చమ్మ అక్కడ తిన్నగా నడవలేదు.
నూట పన్నెండో ప్లాటు దగ్గర కుడికి వంగింది,
కాస్త పోయి ఎడమకు,
ఒకచోట ఆగి, చీర కుచ్చెళ్లు పైకెత్తి పట్టుకుని
లేని గట్టు మీంచి అవతలికి కాలు చాపింది.
నేను ఆమె వెనకే చైను పరిచాను.
నక్షాతో పోలిస్తే తేడా రెండు మూరలు.

వెంచర్ చివర అయిదంతస్తుల అపార్టుమెంటు.
వాచ్‌మన్ సుకాంత్, ఒడిశా మనిషి,
సెల్లారులోకి దింపిన మోటారు పక్కన
కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.
"వానల్నించి ఆపలేదు మేడం.
ట్యాంకరు పగిలిందన్నారు, పైపు లీకన్నారు.
తోడినకొద్దీ వస్తది."
బుచ్చమ్మ మెట్లు దిగి, చీకట్లో చెయ్యి ముంచి,
మొహం కడుక్కుంది.
ఏమీ అనలేదు.

నాలుగో గడిలో "నెలను బట్టి" అని రాశాను.
సార్ కొట్టేస్తాడు, తెలుసు,
రెండడుగుల పైపుకి సరిపోయే అంకె వేస్తాడు.

బయట మోటారు గొట్టం రోడ్డు మీద కక్కుతోంది.
నీళ్లు స్పీడ్‌బ్రేకరు దగ్గర కాసేపు ఆలోచించి
పల్లం వెతుక్కుని ఎడమకు తిరిగాయి,
హిమాయత్‌సాగర్ వైపు.
"ఆ, అటే," అంది బుచ్చమ్మ,
దారి తప్పిన బర్రెను అదిలించినట్టు.