అవతలి గట్టు బలమెంత

పదమూడు ఆటలయ్యాయి. ఇంకా పద్నాలుగున్నాయి.
పట్టికలో పైన వాళ్లు, కింద మేం,
మధ్యలో రెండు పాయింట్లు,
కిలోమీటరున్నర నీళ్లు.

ఫారో దీవుల్లో జూలై వస్తే
చీకటి సెలవు మీద పోతుంది.
రాత్రి పదకొండింటికి కూడా
వాళ్ల మైదానం అరచేతిలో గీతల్లా కనిపిస్తుంది,
పొగమంచు దయతలిస్తే.

చేపల ఫ్యాక్టరీలో టీ వేళ
ఎంత కడిగినా చేతుల్లోంచి కాడ్ వాసన పోదు,
మాటల్లోంచి వాళ్లూ పోరు.

"ఎవర్ని గెలిచారట?" అంటాడు హాల్వ్‌దాన్,
వెన్న కత్తితో గాల్లో పట్టిక గీస్తూ.
"అడుగునున్న నాలుగు జట్లని. అదీ సొంత గడ్డ మీద.
వాన పడ్డ రోజు రెండు పెనాల్టీలు.
చచ్చిన పాముని కొట్టినవాడూ వీరుడేనా?"
ఆ నాలుగింటిలో ఒకదాని చేతిలో
మేలో మేం ఓడిపోయిన సంగతి
ఎవరూ ఎత్తరు.
కెటిల్ మాత్రం కాసేపు ఈల వేస్తుంది.

రన్వా అక్క కాపురం అవతలి గట్టున.
అంచేత రన్వా మాటకి విలువెక్కువ.
"వాళ్ల గోల్‌కీపర్ కొట్టు మెట్లు దిగుతూ
రెయిలింగ్ పట్టుకున్నాడట,
పక్కకి తిరిగి, పీతలా.
మోకాలు పోయింది. రాసి పెట్టుకోండి."
నిజంగానే రాసి పెట్టుకున్నాం,
పెట్టెల మీద బరువులు రాసే సుద్దతో, గోడ మీద.
కుడిదా ఎడమదా తెలియక
పక్కన ఒక ప్రశ్నార్థకం.

ముసలి ఓసుర్ ముప్పై ఏళ్లు
లైన్ మీద జెండా పట్టినవాడు.
"జూలై బలం బలం కాదు.
సెప్టెంబర్‌లో పడమటి గాలి దిగనీ,
ఎత్తు మీద ఆడే వాళ్ల బంతి
సముద్రంలో తేలుతుంది. అప్పుడు చూద్దాం."
ఏటా ఇదే అంటాడు.
పోయినేడు ఆ గాలి
మా బంతినే పట్టుకుపోతే
పడవేసుకెళ్లి తెచ్చుకున్నాం.

"నువ్వేమంటావు, టోర్మోద్?"
నేను రొట్టె నమిలాను.

ఏం చెప్పను?
పన్నెండు రాత్రులుగా, ఇంట్లో అందరూ పడుకున్నాక,
తిమింగలాల జాడ కోసం నాన్న కొన్న దుర్భిణితో
కిటికీ గట్టున మోచేతులానించి
వాళ్లనే చూస్తున్నానని చెప్పనా?
ప్రాక్టీసు ముగిసి జట్టంతా వెళ్లిపోయాక
వాళ్ల తొమ్మిదో నంబర్ కుర్రాడు,
పదిహేడుంటాయేమో, టోపీలో చెవులు పట్టవు,
ఒక్కడే మిగిలి
గొర్రెల కొట్టం గోడ మీది సున్నపు గుర్తుకేసి
ఎడమ కాలితో కొడతాడు.
గురి తప్పుతుంది. వెళ్లి తెచ్చుకుంటాడు. కొడతాడు.
మొదటి రాత్రి నలభైకి ఆరు.
నిన్న రాత్రి నలభైకి ముప్పై ఒకటి.
గాలి లేని రాత్రుల్లో
గోడకి తగిలిన చప్పుడు నీళ్లు దాటి నన్ను చేరడానికి
నాలుగు సెకన్లు.
అప్పటికే వాడు మళ్లీ బంతి కోసం వంగి ఉంటాడు.
ఒక్కోసారి అంగుళంలో తప్పితే
"అయ్యో" అన్న గొంతు
నాదేనని ఆలస్యంగా తెలుస్తుంది.

"వాళ్లకి ఎడమ కాలు లేదు," అన్నాను.
అదీ గోడకెక్కింది. కింద రెండు గీతలు.

సైరన్ మోగింది.
గ్లౌజులు తొడుక్కుంటుంటే రన్వాకి ఫోన్. అక్క.
"మా టైతుర్‌కా? చీలమండా? ఎవరన్నారక్కా?
నిన్న కొండ మీద గొర్రెల వెంట పరిగెత్తాడు,
లేడిలా."

టైతుర్ పక్క బల్ల దగ్గరే ఉన్నాడు,
కాలు ఐసు తొట్టిలో, కాడ్ తలల మధ్య.
మా అందరికేసీ చూసి
పెదవి మీద వేలు పెట్టాడు.