పురుగు తిన్న చోట

తార్నాకలో రెండో అంతస్తు, ఉత్తరం కిటికీ.
మైదా జిగురు కాచి, వడగట్టి, చల్లార్చి
వెలిదండ నాయకుల వంశావళిని బల్ల మీద పరిచాను.
ఆరు మూరల గుడ్డ,
దానికి అంటించిన పెళుసు కాగితం,
కాగితం నిండా ఎవరో కరణం గీసిన ఎర్ర గీతలు.

మగవాళ్ళు సున్నాలు. సున్నాలో పేరు,
పేరు కింద ఎన్ని గుర్రాలో, ఏ ఖిల్లా కాపలానో.
ఆడవాళ్ళు ఊళ్ళు.
పానగల్లు ఆమె. అనంతగిరి ఆమె.
కొలనుపాక నుంచి తెచ్చిన చిన్నామె.
పానగల్లు ఆమెతో ఒక చెరువు, రెండు తూములు వచ్చాయి.
అనంతగిరి ఆమెతో ఒక పాత పగ చల్లారింది,
మళ్ళీ రాజుకుంది. పక్క గీత మీద కత్తి బొమ్మ ఉంది.
చిన్నామెతో ఏం వచ్చిందో రాయలేదు.
తొమ్మిదేళ్ళని మాత్రం రాశారు,
కోడెదూడకు పళ్ళు లెక్కపెట్టినట్టు.

కాచమ నాయకుడు దండులో విరేచనాలతో పోయాడు.
కరణం ‘వీరస్వర్గం’ అని రాసి, మొహమాటపడి,
అక్షరాలు చిన్నవి చేశాడు.
ఎరపోతు అనంతగిరి ఆమె కొడుకు,
సబ్బన చిన్నామె కొడుకు.
ఇద్దరూ గోల్కొండ దర్వాజా దగ్గర
ఖిలత్తు కోసం నలభై రోజులు కూర్చున్నారు,
ఒకే గోడ నీడలో, ఒకరి ముఖం ఒకరు చూడకుండా.
దివాణం ఒక్కటే అడిగింది: మొహరు ఏది?

మొహరు పానగల్లు ఆమె తమలపాకుల పెట్టెలో ఉంది,
సున్నపుకాయ కింద.
పిల్లలు లేని మనిషి. ఎవరికీ ఇవ్వలేదు.
అన్న కూతుర్ని పిలిపించి
‘దీన్ని చేసుకున్నవాడిదే’ అంది.
ఎరపోతు చేసుకున్నాడు.
శ్రావణంలో సబ్బన, మూసీ దాటుతూ, ‘జారెను’.
ఒక్కటే మాట.
ఈతొచ్చినవాడేనని అంచున ఇంకెవరిదో రాత.
సబ్బన భార్యను, చూలాలిని,
అన్న ఇంట్లోకి తెచ్చారు.
తోడికోడళ్ళిద్దరూ ఒకే వారంలో కన్నారు.
ఒక బిడ్డ దక్కలేదు.
ఒక బిడ్డ గద్దె ఎక్కాడు.

ఎవరి బిడ్డ?
గీత అక్కడిదాకా వచ్చి ఆగుతుంది.
పేరుండాల్సిన చోట పురుగు తినేసింది,
కందిగింజంత కన్నం.
దాని కింద పదకొండు తరాలు వేలాడుతున్నాయి.

పోయిన వారం కార్వాన్ నుంచి ఒకాయన వచ్చాడు, వకీలుతో.
నిన్న మలక్‌పేట నుంచి ఇంకొకాయన,
వకీలు లేకుండా, బాదం హల్వాతో.
ఇద్దరిదీ ఒకే ముక్కు.
కోకాపేట అవతల ఏదో గుట్ట, గుట్ట కింద ఎకరాలు.
‘అమ్మా, భూతద్దం పెట్టి చూడండి,
ఒక్క అక్షరమైనా కనిపించదా?’
కన్నంలోంచి నాకు బల్ల కనిపిస్తోంది సార్, అన్నాను.
పూడ్చడం నా పని. పేరు రాయడం కాదు.
హల్వా మాత్రం సెక్షనంతా తిన్నాం.

ఇవాళ వెనక గుడ్డ విప్పాను.
తడి స్పాంజి, వెదురు పుల్ల, వేలెడు వేలెడు చొప్పున.
ఏనాటిదో జిగురు పులిసిన గంజి వాసన వేసింది.
మామూలు ఖద్దరనుకున్నాను.
అంచు కనిపించింది.
మాసిన ఎరుపు, మామిడిపిందెల వరస.
మూలన, ఎప్పుడో గట్టిగా ముడేసి
విప్పిన ముడతలు,
ఆ ముడతల్లో పసుపు.

చీర.
పదహారు మూరల్లో ఆరే మిగిలాయి.
పానగల్లుదో, కొలనుపాకదో గుడ్డ చెప్పదు.
సున్నాలూ కత్తులూ గుర్రాలూ
అన్నీ దాని మీదే అంటించి ఉన్నాయి.
నేత గట్టిది. ఇంత బరువుకీ చిరగలేదు.

లంచ్ బెల్లు కొట్టారు. చేతులు కడుక్కోకుండానే
రిపోర్టు రాశాను:
కన్నం పూడ్చబడినది. ఖాళీ కాగితం, టీ డికాషన్ రంగు.
ఆధారపు గుడ్డ మార్చబడలేదు.
పసుపు మరక తొలగించబడలేదు.