పరచడం

నాది నాపరాళ్ల పని.
నిడుజివ్వి గనిలో తీస్తాను, ఎర్రగుంట్లలో కోయిస్తాను,
ఎవరు పిలిస్తే వాళ్లింట్లో పరుస్తాను.
జీతన్న కొడుకు ప్రకాశం ఇల్లేదంటే
రైలుగేటు దగ్గర ఎవరైనా చూపిస్తారు.

ప్రతి ఆదివారం చర్చిలో కూర్చుని
ఒక మాటను విని విని దాటేసేవాణ్ని:
దేవుణ్ని మహిమపరచండి.
మహిమంటే నాకప్పట్లో
క్రిస్మస్ నక్షత్రంలో వెలిగే బల్బు,
ప్రొద్దుటూరు నుంచి అద్దెకు తెచ్చిన సౌండు బాక్సు,
పండగపూట అయ్యగారి తెల్ల అంగీ.
అవి మన చేతిలోవి కాదు కదా అని
ఊరకుండేవాణ్ని.

ఈ ఎండాకాలంలో కొత్త అయ్యగారొచ్చారు, నెహెమ్యా గారు,
సన్నటి మనిషి, కళ్లద్దాలకు దారం.
హెబ్రీ వాళ్ల మాటలో
మహిమకు మొదటి అర్థం బరువంట.
వెలుగు కాదు, బరువు.
వెనక బెంచీలో గని వాళ్లం నలుగురం
ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

బరువు మాకు తెలుసు.
నా ఎడమ భుజం మీద కాయ కాసి ఉంది,
ఓబులేసు బొటనవేలికి గోరు లేకుండా చేసి ఉంది.
బరువు ముందు ఎవడైనా వంగాల్సిందే,
అదీ నడుంతో కాదు, మోకాళ్లతో.
ఇది మాకు ఎవరూ బోధించలేదు.

సోమవారం గనిలో
పదకొండో పొర కింద గడారి పెట్టి
ముగ్గురం ఎత్తితే
రాయి నిట్టూర్చినట్టు లేచింది.
దాని కింది రాయి నిండా అలలు.
ఏటి ఒడ్డు ఇసుక మీద గాలి గీసినట్టు
వరసగా, తడి లేని అలలు.
ఈ ఎండలో, ఈ సున్నపు నేలలో
ఎప్పుడో ఒక సముద్రం నిలబడి వెళ్లింది.
చూడ్డానికి ఒక్క కన్నూ పుట్టని రోజున
ఎవరి కోసం గీశాడు ఆయన, అంత ఓపిగ్గా?

మేస్త్రీ వచ్చి చూశాడు.
"రెండో రకం. పాలిషుకు రాదు, పక్కన పారెయ్."
పారేశాను.
పారేసినచోటే చేతులు కట్టుకుని నిలబడ్డాను.
ఎండదెబ్బ తగిల్నాదేమిరా, అన్నాడు ఓబులేసు.

చర్చి ముందు మెట్టు పగిలి మూడేళ్లు.
కమిటీ వాళ్లు గ్రానైటు అనుకున్నారు,
దాతల పేర్లు చెక్కించడానికి జాగా కూడా కొలిచారు.
శనివారం రాత్రి నేనా రెండో రకం రాయిని
తోపుడు బండి మీద తెచ్చి
ఇసుక పోసి, రసమట్టం పెట్టి, పరిచాను.
అలలు పైకి.

పరుస్తుంటే నా నోట్లో ఆ మాట రెండుగా విడిపోయింది.
మహిమ.
పరచు.
ఇన్నేళ్లూ మొదటి సగాన్ని చూసి జంకాను,
రెండో సగం నా కూలి పనే.
రాయిని నేను పుట్టించానా? మహిమనూ అంతే.
ఉన్నదాన్ని బయటికి తీసి
నలుగురు నడిచే చోట
కదలకుండా పరచాలి.

తెల్లారి అందరూ గొణిగారు.
నున్నగా లేదన్నారు, చెప్పులు తట్టుకుంటాయన్నారు.
కోశాధికారి ఎవరినడిగి వేశావన్నాడు.
సుగుణమ్మవ్వ మాత్రం, చూపు పోయి ఆరేళ్లు,
ఎప్పట్లాగే చెప్పులు బయటే విడిచి
ఉత్త కాలు మెట్టు మీద పెట్టి ఆగిపోయింది.
వేళ్లతో తడిమింది. మళ్లీ తడిమింది.
"ఒరేయ్ ప్రకాశం,
ఈడ నీళ్లు పారినాయి రా."

లోపల మొదటి పాట ఎత్తుకున్నారు.
వెనక జనం పోగయ్యారు.
అవ్వ కదల్లేదు.
కోశాధికారి గడియారం చూసుకుని, ఎందుకో,
వంగి తన బూట్ల తాళ్లు విప్పుకోసాగాడు.