పెన్ను ముట్టని పావుగంట

"కాగితాలు తిప్పచ్చు. పెన్ను మాత్రం ముట్టకూడదు."
ఏటా నవంబరులో నా నోట వచ్చే మాటలివి.
ఆ పైన పావుగంట
అరవై మంది చేతులకి పని లేదు.

షెపర్టన్ బడిలో బాస్కెట్‌బాల్ హాలు.
బుట్టల్ని పైకి లాగి కట్టేశారు,
నేల మీది గీతలు మాత్రం బల్లల కింద నుంచి
ఇంకా ఆటకి పిలుస్తూనే ఉన్నాయి.
నీళ్ల సీసాలకి పేర్ల కాగితాలు ఒలిచేశారు.
పెన్నులు ప్లాస్టిక్ సంచుల్లో
సంతలో కొన్న చేపల్లా పడుకున్నాయి.

నేను టీచరమ్మని కాను.
ముప్పైయొక్క ఏళ్లు ఈ ఊరికి ఉత్తరాలు పంచినదాన్ని.
చరిత్ర పేపరులో ఏముందని నన్నడిగితే
రాజుల వరస దగ్గరే తప్పిపోతాను.
కానీ రాసేముందు చదవడం ఎందుకో తెలుసు.
తెల్లారి నాలుగున్నరకి
ఉత్తరాలన్నీ బల్ల మీద గుమ్మరించి
వీధి వీధికీ, గుమ్మం గుమ్మానికీ పేర్చుకునే ఆ గంటలో,
మోటారు సైకిలు స్టాండు మీద ఉండగానే
సగం ఊరు తిరిగొచ్చేసేదాన్ని.
ఏ గేటు వెనక కుక్క ఉందో
బయల్దేరే ముందే గుర్తు చేసుకోవాలి,
పిక్క పట్టుకున్నాక కాదు.

అదుగో, సెయినీ టౌఫా.
మొదటి పేజీ వంక చూడనైనా చూడలేదు,
నేరుగా చివరాఖరి ప్రశ్న దగ్గరికి వెళ్లింది.
అక్కణ్ణుంచి వెనక్కి వస్తూ
ఒక్కో ప్రశ్ననీ పెదవుల మీద తూకం వేస్తోంది.
చూపుడువేలు గాలిలో ఏదో రాస్తోంది.
గాలిలో రాయకూడదని నిబంధనల్లో లేదు,
నేను రెండుసార్లు వెతికాను.

ఆ పక్క వరసలో డార్సీ ప్రూయిట్ కళ్లు మూసుకున్నాడు.
కొత్తలో అయితే నిద్రనుకునేదాన్ని.
ఇలాంటి వాళ్లని చూడగా చూడగా తెలిసింది,
లోపల అటకెక్కి వెతుకుతున్నాడు.

జహీర్ మాత్రం మొదటి ప్రశ్న దగ్గరే ఉండిపోయాడు.
చదివాడు, మళ్లీ చదివాడు,
అదే వాక్యం కింద గోరుతో గీస్తున్నాడు,
తెలిసినవాళ్ల ఇంటి ముందు బండి ఆపి
తలుపు తడుతూ నిలబడ్డట్టు.
బాబూ, ఆ వీధిలో ఇంకా పదకొండు గుమ్మాలున్నాయి.
వెనక అట్టకి లోపలివైపు ఒక పెద్ద ప్రశ్న ఉంది, ఇరవై మార్కులు.
నాకు తెలుసు. చెప్పకూడదు.
దగ్గడం కూడా ఒక రకం చెప్పడమేనట,
శిక్షణ రోజున ఒకాయన నా వైపే చూస్తూ చెప్పాడు.

బల్లల మధ్య నడిచాను. నా బూట్లు కిర్రుమన్నాయి.
ఆరు నిమిషాలు. నాలుగు.

ఒకసారి నేను పద్నాలుగో నంబరుని నలభై ఒకటిగా చదివాను.
ఆస్పత్రి నుంచి వచ్చిన ఉత్తరం.
పన్నెండు రోజులు వేరే ఇంటి ఫ్రిజ్ మీద పడుంది.
ఆవిడ నన్నేమీ అనలేదు.
ఇప్పటికీ ఎదురైతే
నేనే రోడ్డు దాటి అటు పోతాను.

రెండు నిమిషాలు.
ఎక్కణ్ణుంచి వచ్చిందో ఒక ఈగ
జహీర్ ముంజేతి మీద వాలింది. విదిలించాడు.
పేపరు మీద వాలింది.
విసుక్కుని పేపరు ఎత్తి దులిపాడు,
వెనక అట్ట తెరుచుకుంది.
వాడి కనుబొమలు జుట్టు దాకా వెళ్లాయి.
ఈగలకి నిబంధనలు చదివి వినిపించినవాళ్లు
ఇంతవరకూ ఎవరూ లేరు.

"ఇక రాయొచ్చు" అన్నాను.
అరవై సంచుల జిప్పులు ఒక్కసారిగా
రేకుల మీద వాన మొదలైనట్టు.
సెయినీకి తొందర లేదు.
మూత తీసి, గడియారం వంక చూసి,
మూడో ప్రశ్నతో మొదలుపెట్టింది.
జహీర్ ఏది ముందు రాశాడో
నేను నిలబడిన చోటికి కనబడలేదు.

కుర్చీలో కూర్చుని
మధ్యాహ్నం లెక్కల పరీక్షకి ఎవరెక్కడ కూర్చుంటారో
ఆ పటం విప్పి చదువుకున్నాను,
చివరి వరస నుంచి.