తడిలో ఆరేది

సంచిలో అప్పటికే ఏడుగురి పేర్లున్నాయి.
ఆఫీసులో పక్క కుర్చీకి ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం,
కింది వాటా వాళ్ళకి పట్టు విసనకర్ర,
చీటీలో ఒక్కో పేరూ కొట్టేసుకుంటూ
హనోయి సందులన్నీ అయిపోయాక
ఎవరో చెప్పారని హా థాయ్ దాకా వచ్చాను.

స్కూటర్ దిగగానే వీధంతా ఒకటే వాసన,
పచ్చిగా, పుల్లగా, కొంచెం కమిలినట్టు.
గుమ్మంలో ముసలావిడ
నల్లటి గిన్నెని నీళ్ళలో ముంచి
పసిబిడ్డకి నలుగు పెట్టినట్టు రుద్దుతోంది.
రుద్దేకొద్దీ అడుగునుంచి
ఎరుపు లేస్తోంది.

మా ఇద్దరికీ కలిసిన భాష కాలిక్యులేటర్.
ఆవిడ తొమ్మిది లక్షలు నొక్కింది.
నేను ఆరు నొక్కాను.
ఇక్కడ డబ్బుకి సున్నాలెక్కువ,
జేబులో చెయ్యి పెడితే నేనూ లక్షాధికారినే.
ఆ లక్షాధికారే
రెండు పూటల భోజనం ఖరీదు కోసం
గీసి గీసి బేరమాడుతున్నాడు.

ఆవిడ మళ్ళీ నొక్కలేదు.
చొక్కా చేతులు పైకి మడిచి చూపించింది.
మోచేతుల దాకా మచ్చలు,
దుమ్ములో పడి ఆరిన చినుకుల్లా.

మనవరాలు జియెప్ వచ్చి మాట కలిపింది.
ఇది చెట్టు పాలు, కొత్తవాళ్ళని కరుస్తుంది,
బామ్మని మొదటి ఏడాదంతా కరిచింది,
తర్వాత గుర్తుపట్టింది, అంది.
ఆ పాల పేరేమిటంటే
"సొన్" అన్నట్టు వినిపించింది.
సొనే కదా, అనుకున్నాను.
మామిడికాయ ముచ్చిక కొరికిన రోజు
పెదవి మూల ఇంకా ఉంది నాకు.

మూల పెట్టెలో, తడి గోనెల కింద
మరో గిన్నె ఉంది. అడుగున సగం చంద్రుడు.
అదే కావాలన్నాను.
ముట్టుకోబోతే ఆవిడ చేతి మీద ఒక్కటేసింది,
అప్పటికే వేలు తగిలింది.
ఆరలేదు, అంది జియెప్.
ఎండలో పెట్టొచ్చుగా?
ఇద్దరూ నవ్వారు.
ఇది తడిలోనే ఆరుతుంది,
ఉత్తరపు పొడిగాలి తగ్గాలి, సన్నవాన పట్టాలి,
ఇంకా ఆరు పూతలున్నాయి.
నా విమానం గురువారం.

ఎదురు కొట్లో ఇలాంటివే వేలకు వేలు,
మిషన్ మీద పోసినవి, మధ్యాహ్నానికి ఆరేవి,
చవక కూడా, వెళ్ళి కొనుక్కో,
అని దారి కూడా చూపించింది ఆవిడ.
కోపం లేదు. ఆకలేసినట్టుంది.
నాకూ ఒక చిన్న పీట వేశారు.

అన్నం, ఉడకబెట్టిన బాతుగుడ్డు, చేపసాసు.
పచ్చసొన వేలికంటుకుంటే నాకేశాను.
డొల్ల పారేద్దామని లేవబోతే
జియెప్ చేతిలోంచి తీసుకుని
లోపలి పొర గోటితో ఒలిచి
చేటలో ఆరే డొల్లల్లో కలిపేసింది.
చంద్రుడు గుడ్డు డొల్లేనట.
కొంగలు, పడవ తెరచాప, మంచు కూడానట.
కొంచెం కాలిస్తే గోధుమ రంగు గుర్రం.
ఈ వీధిలో ఎవరి భోజనం
ఎవరి గోడమీద వేలాడుతోందో
ఎవరికీ లెక్క లేదు.

నాది ఏమవుతుంది, అని అడిగాను.
జియెప్ అడిగింది బామ్మని.
ఖ్వియెన్ బామ్మ నోట్లో తమలపాకు సర్దుకుని
ఏదో అంది, పొడుగ్గా.
జియెప్ మాత్రం ఒక్క ముక్కే చెప్పింది:
"ఇప్పుడే ఏం తెలుస్తుంది."

ముందు రుద్దిన ఎర్రగిన్నెకి
తొమ్మిదీ ఇచ్చాను.
లెక్కపెట్టి, ఒక నోటు వెనక్కి ఇచ్చింది,
గుడ్డు తిన్నందుకో, తొందరపడనందుకో.

బుధవారం రాత్రి హోటల్లో సర్దుకుంటుంటే
కుడిచేతి చూపుడువేలు దురద.
దీపం దగ్గర పెట్టి చూశాను,
చిన్న ఎర్ర పొక్కులు, మూడో, నాలుగో.
మందు రాయకుండా
కాసేపు అలాగే కూర్చున్నాను.